ఉద్యోగపర్వమున రాయబారములు – సందేశమార్గ విమర్శనము

ఒకరి మనస్సులోని మాట మఱియొకరికిఁ దెలియుటకు మార్గము లనేకములు గలవు. తానే పోయి చెప్పుట, వేఱొకనిచేఁ జెప్పించుట, వ్రాసి పంపుట, సభలోఁ బలుకుట, ఏకాంతమున బోధించుట మొదలగున వన్నియు నొకే ప్రయోజనమునకు సాధనములుగాఁ బైకిఁ దోఁచును. కాని విషయ మొక్కటియే యైనను మార్గము మాఱినపుడు ఫలము మాఱుచుండును. ఈ సూక్ష్మము మహాభారతమున నుద్యోగపర్వమునందు విశదముగాఁ గనఁబడుచున్నది. ఆ పర్వమునఁ గథయంతయు రాకపోకలతో నిండియున్నది. యుద్ధమునకు ముందు ద్రుపదపురోహితుఁడు, సంజయుఁడు, శ్రీకృష్ణుఁడు, ఉలూకుఁడు అను నలువురు దూతలు రెండుపక్షముల నడుమఁ దిరిగిరి. ఒక్క వివాదమును గూర్చియే నాలుగు విధముల మాటలు నడచినవి. ఏ మాటయు యుద్ధము నాపలేదు.

ఇట్లుండఁగా నాంధ్రదేశమున రాయబార మనఁగానే శ్రీకృష్ణునిదియే స్ఫురించును. దీనికిఁ గారణములు రెండు. తిక్కన సోమయాజి యుద్యోగపర్వమున నాఘట్టమును మిక్కిలి రసవంతముగాఁ దెనిఁగించుట యొకటి. తిరుపతి వేంకటకవులు పాండవోద్యోగ, పాండవవిజయములను నాటకములుగా రచింపఁగా నవి నటులచేతఁ బల్లెపల్లెకును వ్యాపించుట రెండవది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములయందుఁ బట్టణములందే కాక రామాపురమువంటి పల్లెలందును, అక్షరజ్ఞానము లేనివారు సయిత మీ నాటకపద్యములను గంఠపాఠముగాఁ జదువఁగలిగిరి. పాఠశాలలయందును శ్రీకృష్ణుఁడు సభలోఁ బలికిన భాగమే వాక్చాతుర్యమునకు నిదర్శనముగాఁ జెప్పఁబడుచుండును. తక్కిన మూఁడు రాయబారములును గథాసంధికిఁ గావలసిన మెట్లుగా మాత్రమే గణింపఁబడుచున్నవి.

ఇందువలన నొక చిక్కు గలిగినది. సభాఘట్టమును మాత్రమే చదివిన విద్యార్థి, ‘ఇంత చక్కఁగాఁ జెప్పినను దుర్యోధనుఁడు వినలేదు గదా, ఫలింపని రాయబారమున కింత విస్తర మేల?’ యని ప్రశ్నించిన యెడల, ‘దుర్యోధనుఁడు దుష్టుఁడు గనుక’ నను నుత్తరమే దొరకును. ఆ యుత్తరము సత్యమే, కాని చాలదు. అది కావ్యము నొక్క మనుజుని మొండితనమునకుఁ గుదించివైచును. నాలుగు రాయబారములను నొక్క వరుసఁ బెట్టి చూచినపుడే కవి చూపఁదలఁచిన దేమో తెలియును.

మొదట శాస్త్రము చూడఁదగును. కౌటిల్యుఁ డర్థశాస్త్రమున దూతలను నిసృష్టార్థుఁడు, పరిమితార్థుఁడు, శాసనహరుఁడు అని మూఁడు తెఱఁగులుగా విభజించెను. అమాత్యగుణములు పూర్తిగాఁ గలవాఁడు మొదటివాఁడు. పాదము తక్కువైనవాఁడు రెండవవాఁడు. సగము తక్కువైనవాఁడు మూఁడవవాఁడు. ఆలంకారికులును దూతల విషయమున నించుమించుగా నీ విభాగమునే గ్రహించిరి. దీనిబట్టి శ్రీకృష్ణుఁడు నిసృష్టార్థుఁ డనియు, ఉలూకుఁడు శాసనహరుఁ డనియు, నడుమ నిద్దఱును బరిమితార్థు లనియుఁ జెప్పి విమర్శకుఁడు తృప్తి పడవచ్చును. కాని పురోహితసంజయుల నొక్క గాటఁ గట్టుట పొసఁగదు. వారికి నియమింపఁబడిన మేర లొక్కటి కావు. పురోహితునకు విషయము నిశ్చితము: పాండవులకు రావలసిన పిత్రార్జితభాగ మడుగుట. మాటలు మాత్ర మాతని యిష్టము. సంజయునకు మాటలును నిశ్చితములు కావు, విషయమును నిశ్చితము కాదు. భరతులకు హితమైనదియు, యుద్ధమునకుఁ గారణము కానిదియునగు మాట యేది తోఁచిన నది పలుకు మని ధృతరాష్ట్రుఁ డాతనికిఁ జెప్పెను. పలుకుట కెంత స్వేచ్ఛ యిచ్చెనో, ఇచ్చుట కంత లేమి నాతనితోఁ బంపెను. సంజయునిచేత నొక్క యూరైన నియ్యఁబడలేదు. శాస్త్రవిభాగము దూతయొక్క యధికారమును గొలుచును. ఇతిహాసము పంపినవాని మనస్సును గొలుచుచున్నది.

పంపువారి మనస్సు పర్వారంభముననే బయలుపడును. అభిమన్యుని వివాహానంతరమున విరాటుని సభలో నందఱును గూడినపుడు విచారింపఁబడిన ప్రశ్న యుద్ధము చేయుటా మానుటా యన్నంతమాత్రమే కాదు. ఎట్లు చెప్పి పంపవలె ననునదియు. దుర్యోధనుని తలంపు తెలియలేదు గనుక సమర్థుఁడైన దూతను బంపుట మేలని శ్రీకృష్ణుఁ డనెను. జూదమున ధర్మరాజు తప్పును గలదు గనుక వినయముతోఁ బలుకుట యుక్తమని బలరాముఁ డనెను. అట్టి వినయము నొల్లక సాత్యకి మండిపడెను. మృదువాక్యమునకు దుర్యోధనుఁడు లోఁబడఁ డని ద్రుపదుఁడు తేల్చి, రెండు పను లొక్కసారి చేయుమనెను. తొలుత నడిగినవారి పక్షమునే సత్పురుషు లవలంబింతురు గనుక మిత్రరాజులకు శీఘ్రముగా దూతలను బంపవలె. హస్తినాపురమునకుఁ దన పురోహితునిఁ బంపవలె. ఒక చేత సంధి, మఱియొక చేత సన్నాహము. ఇచ్చట ద్రుపదుఁడు పురోహితునకుఁ జెప్పిన యుపదేశము గమనింపఁదగినది: భీష్మద్రోణాదుల మనస్సులను జీల్చవలయును, వారి నేకముఖము చేసికొనుటకుఁ గౌరవులకుఁ గాలము పట్టును, ఆలోపలఁ బాండవులు సైన్యమును గూర్చుకొందురు. మఱియు నాతఁడు బ్రాహ్మణుఁడు, వృద్ధుఁడు, దూత. కనుక వానికి భయము లేదు. ఈ మార్గమున సంధియే పరమార్థము కాదు, కాలమును లభించుటయుఁ బ్రయోజనమే యని స్పష్టము.

పురోహితుఁడు చెప్పినదంతయు న్యాయము. పాండుపుత్రులకు భాగము గలదనియు, వారికిఁ జేయఁబడిన యపకారము లివి యనియు, అయినను వారు లోకనాశము గోరుట లేదనియు నాతఁడు నిర్భయముగాఁ జెప్పెను. దాని నాలకించి భీష్ముఁడు, ‘నీవు చెప్పినది సత్యమే, కాని మిక్కిలి తీక్ష్ణముగా నున్నది, బ్రాహ్మణత్వముచేతఁ గాఁబోలు’ నను నర్థము వచ్చునట్లు పలికెను. ఈ యొక్క వ్యాఖ్యతో సందేశమార్గవిమర్శయంతయుఁ బ్రారంభమగుచున్నది. భీష్మునకు విషయమునం దభ్యంతరము లేదు. ఆ విషయము వచ్చిన నోటియందే యభ్యంతరము. ఎవరివలనను భయము లేనివానిఁ బంపుటలో లాభ మేమనఁగా సత్యము దాఁగదు. నష్ట మేమనఁగా వినువాని నొచ్చుకోలు వానికిఁ బట్టదు. కర్ణుఁ డా సందున దూరి భీష్ముని మాట కడ్డము వచ్చుటయు, సభ విషయమును విడిచి కలహమునఁ బడుటయు దీని ఫలమే.

సంజయునిది దీనికిఁ బూర్తిగా విపరీతము. మాట మృదువు, చేయి రిక్త. యుద్ధముచే వచ్చు రాజ్యముకంటె నంధకవృష్ణుల రాజ్యమున భిక్షమెత్తి బ్రదుకుటయే మేలని ధర్మరాజునకు ధర్మము బోధించినవాఁడు సంజయుఁడు. ధర్మము నెఱిఁగినవానికి ధర్మమునే సంకెలగాఁ దొడుగుట యిది. సంజయుఁడు కపటి కాఁడు; ఆతఁడు మనసారఁ బాండవుల మేలు గోరువాఁడు. అందుచేతనే ధృతరాష్ట్రుఁ డాతని నెన్నుకొనెను. మంచివాని నోట వచ్చిన రిక్తవాక్యము చెడ్డవాని నోట వచ్చిన దానికంటె నెక్కువగా నమ్మింపఁజాలును గదా. ధర్మరాజు మాత్ర మీ చిక్కు నెఱిఁగియే ప్రత్యుత్తర మిచ్చెను. హస్తినాపురమునఁ బెద్దలను మొదలుకొని పరిచారికలవఱకు, కుంటివారివఱకు నందఱ కుశలమును బేరుపేరున నడుగుమనెను. కడపట నైదూళ్లైనఁ జాలునని తన కోరికను గుదించెను. రిక్తహస్తముతో వచ్చిన దూతను స్పష్టమైన కోరికతో మరలించుటచే, సందేశములోని లోపము పంపినవానివైపు తిరిగినది.

సంజయుని తిరుగురాక మఱింత శ్లాఘనీయము. రాత్రి వచ్చి, రాజు నొంటిగాఁ జూచి, యాతని తప్పు నాతని కెదుటనే నిర్దేశించి, ‘పాండవుల మాట రేపు సభలోఁ జెప్పెదను’ అని వెడలిపోయెను. ఒక్కఁడే రెండు మార్గముల నిట విడఁదీసెను. తన మాట యేకాంతమునకుఁ జెందినది. పాండవుల మాట సభకుఁ జెందినది. ఏకాంతమునఁ జెప్పవలసిన నింద సభలోఁ జెప్పిన నవమాన మగును; సభలోఁ జెప్పవలసిన సందేశ మేకాంతమునఁ జెప్పిన మరుగుపడును. ఆ రాత్రి ధృతరాష్ట్రునకు నిద్ర పట్టలేదు. విదురుఁడు నీతియు, సనత్సుజాతుఁ డధ్యాత్మమును బోధించిరి. విదురనీతిని విడిగాఁ జదివించుట యాచారమై యున్నది. కాని యదియొక చెప్పఁబడని సందేశముయొక్క నీడలోఁ బుట్టినదని విద్యార్థికిఁ జెప్పువా రరుదు.

ఇఁక శ్రీకృష్ణుఁడు. ఈతని రాయబార మొక్కటి కాదు, పెక్కు. దుర్యోధనుఁడు భోజనమునకుఁ బిలువఁగాఁ బ్రీతిచేతఁ గాని, యాపదచేతఁ గాని పరాన్నము దినఁదగు ననియు, నీకుఁ బ్రీతి లేదు, నాకు నాపద లేదనియుఁ జెప్పి విదురుని యింట భుజించుట మొదటిది. ఇది మాటలకంటె ముందు చేసిన చేఁత. చెవిటివారి యెదుటఁ బాడుట వ్యర్థమని విదురుఁడు వారింపఁగా, శక్తి యుండియు నాపలేదను నింద లోకమున రాకుండుటకే వచ్చితినని శ్రీకృష్ణుఁడు సమాధాన మిచ్చుట రెండవది. ఈ సమాధానమును విడిచి సభాప్రసంగమును మాత్రమే చదువుటవలననే పైఁ జెప్పిన ప్రశ్న పుట్టుచున్నది. సభలోఁ బలికిన మాటకు దుర్యోధనుఁ డొక్కఁడే శ్రోత కాఁడు. భీష్మద్రోణులు, ఋషులు, నానాదేశరాజులు, రాఁబోవు కాలము – వీరందఱును శ్రోతలే. దుర్యోధనుని మార్చుటకు సభ తగిన చోటు కాదు. అందఱి యెదుట వెనుదీయుట యభిమానధనుఁడైన వానికి మరణమువంటిది. కాని యెవరు సంధి నడిగిరి, ఎవరు సూదిమొన మోపునంత నేలయు నీయమనిరి యన్న విషయమునకు సాక్షులు గావలసియున్నచో సభకంటె వేఱు చోటు లేదు. ఈ ప్రయోజనమును బట్టి చూడ నీ రాయబారము ఫలించినదే.

అంతటితో నిలువక శ్రీకృష్ణుఁడు కర్ణుని రథముపైఁ గూర్చుండఁబెట్టుకొని యూరి వెలుపలఁ దోడ్కొనిపోయి యాతని జన్మరహస్యమును జెప్పెను. సభలోఁ జెప్పరాని దిది. దీనికిఁ బ్రతిగాఁ గర్ణుఁడును సభలోఁ జెప్పరాని సత్యమును జెప్పెను: జయము పాండవులదే యని తా నెఱుఁగుననియు, అట్టి స్వప్నమును గంటిననియు, ధర్మరాజునకీ రహస్యము దెలిసిన రాజ్యము గ్రహింపఁడు గనుకఁ దెలుపవలదనియు నడిగెను. ఏకాంతము సత్యమును రాఁబట్టినది. కాని నిశ్చయమును మార్పలేదు. పిమ్మటఁ గుంతి తానే గంగాతీరమునకుఁ బోయి, జపముననున్న కుమారుని వెనుక నిలిచి వేచియుండెను. రాజ్యమిత్తునని శ్రీకృష్ణుఁడు చెప్పిననుఁ బడయలేనిదానిఁ గొంత యామె పడసినది. అర్జునుఁడు దక్కఁ దక్కిన నలుగురిఁ జంపనను మాట లభించినది. దూతను బంపక తానే పోయినదానికిఁ గలిగిన ఫల మిది. అయితే యీ తల్లి యీ మార్గమును మొదటనే త్రొక్కవలసినది గదా యను దుఃఖమును బాఠకుని మనస్సును విడువదు. మార్గము సరియైనదే, కాలము మించినది.

నాలుగవవాఁ డులూకుఁడు. సేనలు కురుక్షేత్రమున విడిసినపిమ్మట దుర్యోధనుఁడు శకునిపుత్త్రుని దనమాటలనే చెప్పుమని పంపెను. ఉలూకుఁడు ధర్మరాజు నభయ మడిగి, చెప్పుమన్న నిందలనే చెప్పెను. ఇక్కడ దూత కేవలము గొంతు. ప్రత్యుత్తరము గోరని సందేశమునకుఁ దగిన దూతయే యితఁడు. సంజయునకు మాట స్వేచ్ఛయు విషయలేమియు నుండఁగా, ఉలూకునకు రెండును లేవు. పురోహితునితో మొదలై యులూకునితో ముగిసిన యీ వరుసలో మాటకు విలువ తఱుగుచు వచ్చి, కడపట మాట బాణముగా మాఱినది. శ్రీకృష్ణుని ఘట్ట మా పతనము నాపుటకుఁ జేయఁబడిన మహాప్రయత్నముగా నీ వరుసలోనే ప్రకాశించును. విడదీసిన నది యుపన్యాసముగాఁ దోఁచును.

భిన్నమార్గములను దూఁచి యెన్నుకొను ఘట్టములు మన వాఙ్మయమున నింకను గలవు. సుందరకాండమున హనుమంతుఁడు వృక్షముపై నుండి, ద్విజునివలె సంస్కృతము పలికినచో సీత తన్ను రావణునిగా శంకించి భయపడునని తలపోసి, మానుషభాషలో, అదియును నేరుగా నామెతోఁ గాక రామకథను వినఁబడునట్లు చెప్పుటతోఁ బ్రారంభించెను. భాష నెన్నుకొనుటయు సందేశములో భాగమే యని యిందుచేఁ దెలియును. పోతన భాగవతమున రుక్మిణి తన సందేశమునకు నగ్నిద్యోతనుఁడని ప్రసిద్ధుఁడైన బ్రాహ్మణు నెన్నుకొనెను. అంతఃపురమునకును ద్వారకకును నిరాటంకముగాఁ బోఁగలవాఁ డాతఁడే. అయినను బంపినపిమ్మట నామె పడు శంకలలో, బ్రాహ్మణుఁడు పోయెనో, నడుమ నలసి నిలిచెనో, శ్రీకృష్ణుఁడు విని తప్పుగాఁ దలఁచెనో యనునవి ముఖ్యములు. అనఁగా మార్గమును గూర్చినవే. శృంగారనైషధమున హంసయు, ప్రభావతీప్రద్యుమ్నమున శుచిముఖియుఁ బక్షులగుటచే స్వప్రయోజనశంక లేనివిగా విశ్వాసము పొందినవి. ఇవి ప్రణయసందేశములు, శ్రోత వినఁగోరుచుండును. ఉద్యోగపర్వమునఁ బ్రధానశ్రోత వినఁగోరఁడు. రెండింటికిని గల యంతర మిదియే.

తిక్కనయే రాయబారి యను ప్రసిద్ధి యొకటి గలదు. మనుమసిద్ధి రాజ్యము గోల్పోయినపుడు తిక్కన యోరుగంటికిఁ బోయి కాకతి గణపతిదేవుని సహాయము నడిగి తెచ్చెనని సిద్ధేశ్వరచరిత్ర, సోమదేవరాజీయములు చెప్పుచున్నవి. ఇవి తరువాతి కాలపు గ్రంథములు గనుక వానిబట్టి యుద్యోగపర్వమున కర్థము చెప్పఁబూనుట సాహసము. కాని 13వ శతాబ్దిలో నొక చిన్నరాజ్యమునకు మంత్రియైనవాఁడు, ఎవరితో నెట్లు మాటాడవలె నను ప్రశ్నను బుస్తకములలో మాత్రమే చూచియుండఁ డని చెప్పుటకు సందేహింపనక్కఱలేదు. విరాటపర్వము మొదలు పదునేను పర్వములను దెనిఁగించిన కవి, మాటాడువారి స్వభావమును బట్టి మాటను మలఁచుటయందుఁ జూపిన యోర్పు, రాజసభలు చూచినవాని యోర్పే.

ఇఁక నాటకమును గూర్చి. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లోను, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లోను దివంగతులైరి. వారి పద్యములు వారికంటె దూరము నడచినవి. 1902లో బాపట్లలో జన్మించి తెనాలి శ్రీరామవిలాససభ నాటకములలో సత్యభామాదిపాత్రలచేఁ గీర్తి గాంచిన స్థానము నరసింహారావు, గుంటూరుసీమలోని సుద్దపల్లి వాఁడై యీలపాటతోఁ గృష్ణపాత్రను ధరించిన కల్యాణము రఘురామయ్య మొదలగువారు పుట్టిన నేల యిది. ఇట్టిచోటఁ బద్యమును రాగముతో సాగఁదీయుట, జనులు మరల మరల నడుగుట, ఒక్క కృష్ణపాత్రనే యొక్క రాత్రిలో నిద్దఱు ముగ్గురు నటులు వరుసగాఁ బంచుకొనుట వాడుకయైనది. పండితులు దీనిని నిందించుట గలదు: శ్రీకృష్ణుఁడు దుర్యోధనునితో మాటాడుచుఁ బ్రజలవైపు తిరిగియుండుట యేమి, రాయబారమా, పాటకచ్చేరియా యని.

నింద కొంతవఱకు న్యాయమే. రాగము మాటను ముంచినపుడు వాదము వినఁబడదు; ఐదూళ్లడిగినవాని దైన్యము చప్పట్లలోఁ గలిసిపోవును. కాని పైఁ జెప్పిన విచారమును బట్టి యీ నింద సంపూర్ణముగా నిలువదు. సభలోఁ బలికిన శ్రీకృష్ణుఁ డితిహాసముననే దుర్యోధనుని మించి లోకము నుద్దేశించెను. పల్లెలో రాత్రియంతయు మేల్కొని కూర్చున్న కాఁపు, పాలికాపు, అవ్వయు నా లోకమే. రంగస్థలము సందేశమును జెఱుపలేదు. దాని శ్రోతలను బెంచినది. చెఱిపిన దేమనఁగాఁ దక్కిన దూతలను. పురోహితుని తీక్ష్ణత, సంజయుని రాత్రిరాక, గంగాతీరమునఁ గుంతి నిరీక్షణము వెనుకఁబడుటచేఁ, జెప్పుటకు నేర్పొక్కటియే చాలునను భ్రమ వ్యాపించినది.

ఉద్యోగపర్వము బోధించునది యందుకు భిన్నము. ఎవరు చెప్పవలె, ఎక్కడఁ జెప్పవలె, ఎప్పుడు చెప్పవలె, చేత నేమి పట్టుకొని చెప్పవలె ననునవి నేర్పుకంటెఁ దక్కువవి కావు. అవన్నియు సరిపడినను వినువాఁడు విననొల్లకున్నచో మాట యోడును. ఓడినను సాక్ష్యముగా నిలుచును. పాఠశాలలయందు సభాపద్యములతోఁ బాటు సంజయరాయబారమును, కర్ణకుంతీసంవాదమును గలిపి చదివించినచో, ఫలింపని రాయబార మేల యను బాలుని ప్రశ్నకుఁ బండితుఁ డుత్తరము వెదకనక్కఱలేదు, బాలుఁడే చెప్పఁగలఁడు.